మసి, మషి, మోటారుసైకిలు

పొయ్యి మీది గిన్నె అడుగుకు పట్టేది మసి. సంస్కృతంలో మసి అన్నా, మషి అన్నా సిరా. రెండూ ఒకే మాట. దీపపు మసిని జిగురుతో నూరి సిరా చేసుకున్న కాలంలో ఆ రెండు అర్థాలకూ భేదం లేదు. తాటాకు మీద ఘంటంతో గీసిన అక్షరం అప్పటికప్పుడు కంటికి సరిగా కనిపించదు. పైన మసి రుద్ది తుడిస్తేనే గీత నల్లబడి చదవటానికి వీలవుతుంది. అంటే మన పూర్వులు చదివింది ఒక విధంగా మసినే.

ఈ సంగతి బడిలో పిల్లలకు చాలా ఏళ్ళు చెప్పాను. కాని మసిని చదివే విద్య ఇంకొకటి ఉందని నాకు నేర్పినవాడు మేడ్చల్‌లో రోడ్డు పక్క రేకుల షెడ్డులో పనిచేసే ఒక మెకానిక్కు. అందరూ ఆయనను ఉస్తాద్ అనేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన చదివిన గ్రంథం బొటనవేలంత ఉండే స్పార్కు ప్లగ్గు. ఆ విద్య ఎలా పుట్టిందో, ఎందుకు ఒకసారి మమ్మల్ని మోసగించిందో, ఇప్పుడు మళ్ళీ ఎందుకు జాగ్రత్తగా చదవవలసి వస్తున్నదో చెప్పటమే ఈ టపా ఉద్దేశం. పాత మోటారుసైకిలు ఇంట్లో ఉన్న మిత్రులకు కొంత ఉపయోగపడవచ్చు.

1988లో నేనొక పాత బుల్లెట్టు కొన్నాను. ఇల్లు మేడ్చల్‌లో, బడి శామీర్‌పేట వైపు. ఆ రోజుల్లో అదంతా రంగారెడ్డి జిల్లా. మేడ్చల్ నాగపూరుకు పోయే జాతీయ రహదారి మీద, శామీర్‌పేట కరీంనగరు రోడ్డు మీద ఉన్నాయి. రెంటినీ కలిపే అడ్డదారిలో ద్రాక్షతోటలు, చెరువు కట్టలు, అప్పుడప్పుడు ఎదురయ్యే పాలక్యానుల రాజ్‌దూతులు తప్ప రద్దీ ఉండేది కాదు. బండి కొన్న నెలకే దారిలో ఆగుతూ, దగ్గుతూ నడవసాగింది. ఉస్తాద్ దగ్గరకు తోసుకుంటూ పోయాను.

ఆయన ఇంజను మాట ఎత్తలేదు. పానా వేసి ప్లగ్గు విప్పి, గుడ్డతో తుడవకుండా వెలుతురుకు పట్టి చూశాడు. నేను తుడవబోతే చేయి పట్టుకున్నాడు.

"తుడ్వకుండ్రి సార్. అంత గీడనే రాసుంటది. నల్లగుంటె పెట్రోలు ఎక్కువైతుంది. తెల్లగుంటె గాలి ఎక్కువైతుంది. బిస్కెట్ లెక్క ఉంటె ఏం ముట్టద్దు, మంచిగున్నట్టు."

నా ప్లగ్గు బొగ్గులా ఉంది. ఆయన కార్బురేటరు విప్పి సూదిని ఒక మెట్టు దించాడు. వారం తరువాత చూస్తే ప్లగ్గు బిస్కెట్టు రంగుకు వచ్చింది. బండి దగ్గు మానింది.

ఇందులోని కిటుకు ఏమిటో తరువాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. పెట్రోలు పూర్తిగా మండటానికి దాని బరువుకు 14.7 రెట్ల బరువు గాలి కావాలి. గాలి తక్కువైతే మిశ్రమం చిక్కనవుతుంది. మండకుండా మిగిలిన కర్బనం మసిగా మారి ప్లగ్గు లోపలి పింగాణీకి పట్టుకుంటుంది. గాలి ఎక్కువైతే మిశ్రమం పలచనవుతుంది. మసి మిగలదు, వేడి పెరుగుతుంది, పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. ప్లగ్గు కొన సుమారు 500 డిగ్రీల వేడికి చేరితే తనకు పట్టిన మసిని తానే కాల్చుకుంటుంది. 850 డిగ్రీలు దాటిపోతే నిప్పురవ్వ పుట్టకముందే ఎర్రగా కాలి, వేళకాని వేళ మిశ్రమాన్ని అంటిస్తుంది. అప్పుడు పిస్టనుకు చిల్లు పడినా ఆశ్చర్యం లేదు. ఈ రెండు హద్దుల నడుమ ప్లగ్గు బ్రతకాలి.

రంగుల పేర్ల విషయంలో నా పాండిత్యం ఊరుకోలేదు. అమరకోశం ప్రథమకాండలో ధీవర్గమని ఒకటున్నది. అందులో రంగుల పేర్లన్నీ వరుసగా వస్తాయి. శుక్లం తెలుపు. కొంచెం పాలిపోయినది ధూసరం. కపిశానికి శ్యావమని పర్యాయం. ఉస్తాద్ సున్నం అన్నది నాకు శుక్లం, బూడిద అన్నది ధూసరం, బిస్కెట్టు అన్నది కపిశం, బొగ్గు అన్నది కృష్ణం. ఒకనాడు ఆయనకు ఈ పేర్లు చెబితే శ్రద్ధగా విని, "మంచిగున్నయ్ సార్, కని మా పోరగాండ్లకు బిస్కెట్టంటెనే ఎర్కైతది" అన్నాడు. ఆయన మాటే నిజం. పరిభాష ఎప్పుడూ పనిచేసేవాడి నోటినుంచే పుట్టాలి.

ఇక ఈ చిన్న పరికరం చరిత్ర. 1860లో పారిస్‌లో లెన్వార్ అనే ఆయన తయారుచేసిన గ్యాసు ఇంజనులోనే విద్యుత్తుతో నిప్పురవ్వ పుట్టించారు. కాని అది నిలకడగా పనిచేసే సాధనం కావటానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థలోని ఇంజనీరు హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానితోపాటు ప్లగ్గును రూపొందించాడు. చిక్కంతా నడిమి కడ్డీ చుట్టూ ఉండే బంధకం దగ్గర వచ్చింది. అది విద్యుత్తును ఆపాలి, వేడికి పగలకూడదు. తొలినాటి పింగాణీ పగిలేది. అందుకని కొందరు అభ్రకాన్ని, అంటే మైకాను, పొరలు పొరలుగా చుట్టి వాడారు. ఆ కాలంలో ప్రపంచానికి పలకల అభ్రకం పంపిన దేశాల్లో మనది ముఖ్యమైనది. మన నెల్లూరు జిల్లా గూడూరు గనులు అందులో పేరున్నవి. 1930ల తరువాత అల్యూమినా పింగాణీ వచ్చి అభ్రకాన్ని తప్పించింది. ప్లగ్గును రంగుతో చదవటం ఇంత సులభమైంది ఆ తెల్లటి పింగాణీ వల్లనే. తెల్ల కాగితం మీదనే కదా సిరా కనిపించేది.

మన దేశంలో ఈ వస్తువును ఇంటింటి పేరు చేసింది మైకో. మైకా నుంచి మైకో వచ్చిందని చాలాకాలం నేను వ్యుత్పత్తి చెప్పుకుని సంతోషించాను. అది శుద్ధ తప్పు. 1951లో బెంగుళూరులో స్థాపించిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరులోని పొడి అక్షరాలే మైకో. 2008లో అది బాష్ లిమిటెడ్ అయింది. 1955 నుంచి మద్రాసులో ఎన్‌ఫీల్డు బుల్లెట్లు, 1960లలో మైసూరులో జావాలు, 1973 నుంచి అవే యెజ్డీలుగానూ, 1960లలోనే ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూతులూ తయారయ్యాయి. ప్లగ్గు చదవగల మెకానిక్కుల తరం వీటి మీదనే తయారైంది. ఆ ప్లగ్గుల అంకెల్లోనూ ఒక తిరకాసు ఉంది. పాత పద్ధతిలో డబ్ల్యూ 175 కన్నా డబ్ల్యూ 225 చల్లని ప్లగ్గు, అంటే వేడిని త్వరగా వదిలించుకునేది. కొత్త పద్ధతిలో అవే డబ్ల్యూ 7, డబ్ల్యూ 5 అయ్యాయి. అంకె తగ్గితే చల్లనిది. ఎన్‌.జి.కె. వారి లెక్కలో మళ్ళీ అంకె పెరిగితే చల్లనిది. ఇది తెలియక వేడి ప్లగ్గు వేసి, తెల్లబడిందని కార్బురేటరును తిట్టినవాళ్ళను చూశాను.

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

2000 సంవత్సరం వేసవిలో నా బండి ప్లగ్గు తెల్లబడసాగింది. బండి నడకలో తేడా లేదు. లీటరుకు 35 కిలోమీటర్లు ఇస్తూనే ఉంది. కాని రంగు బిస్కెట్టు కాదు, ఎండిన సున్నం. ఉస్తాద్ ముఖం చిట్లించాడు. సూదిని ఒక మెట్టు లేపాడు. మరో నెలకు చూశాడు, ఇంకా తెలుపే. జెట్టు మార్చి పెద్దది వేశాడు. చివరకు అనుకున్న బిస్కెట్టు రంగు వచ్చింది. ఇద్దరం సంతోషించాం. మైలేజి 26కు పడిపోయినా, బండి పాతబడిందని సరిపెట్టుకున్నాను. మరుసటి ఏడాది చివరికి సైలెన్సరు నుంచి నీలి పొగ మొదలైంది. ఇంజనాయిలు పెట్రోలు వాసన కొట్టింది. ఎక్కువైన పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగివేసి, రింగులనూ బోరునూ అరగదీసింది. రీబోరు చేయించక తప్పలేదు. ఆ నెల జీతంలో పెద్ద భాగం దానికే పోయింది.

సిలిండరును సికింద్రాబాదు రాణీగంజ్‌కు తీసుకుపోయాం. అక్కడ లేతు మీద పనిచేసే పెద్దమనిషి పిస్టను తలను చూసి, మా ప్లగ్గును చూసి, తల పంకించాడు. "పిస్టను ఇంత నల్లగుంటె మిక్చరు మంచిగున్నదని ఎట్ల అనుకున్నరు? సీసం పోయినంక ప్లగ్గు రంగు పాత లెక్కన సూడొద్దు" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1921 డిసెంబరు 9న అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్‌గ్లీ, టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని కొద్దిగా పెట్రోలులో కలిపితే ఇంజను లోపలి టకటక శబ్దం ఆగుతుందని కనుగొన్నాడు. 1923లో అది అమ్మకానికి వచ్చింది. దశాబ్దాలపాటు లోకమంతా సీసం కలిపిన పెట్రోలునే వాడింది. మండిన సీసం లోపల పేరుకోకుండా బ్రోమిను సమ్మేళనం ఒకటి కలిపేవారు. అది చాలా సీసాన్ని పొగతో బయటికి పంపేది. అయినా మిగిలినది పింగాణీ మీద పలచని పూతగా పడేది. ఆ పూత పసుపు కలిసిన బూడిద రంగునుంచి లేత గోధుమరంగు వరకు ఉండేది. ఉస్తాద్, ఆయన గురువు, ఆయనకు గురువు బిస్కెట్టు రంగని చదివిన దానిలో చాలా భాగం కర్బనపు మసి కాదు, సీసపు పూత! ఆ సీసమే ఊరి గాలిలో, పిల్లల రక్తంలో చేరిందన్నది ఈ విద్యకు అవతలి పుట. అది పోవలసినదే. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాలలో సీసంలేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అదే అయింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా బంకుల్లో 2021లో సీసపు పెట్రోలు అమ్మకం ఆగింది.

సీసం పోయిన తరువాత మిశ్రమం సరిగా ఉన్న ప్లగ్గు కూడా చాలావరకు తెల్లగానే కనబడుతుంది. మేము ఏం చేశాం? లేని సీసపు రంగును పెట్రోలు పోసి, మసితో తెచ్చుకున్నాం. కపిశవర్ణం వచ్చింది గాని దాని అర్థం మారిపోయింది. తెలుగు పండితుడిగా నేను సిగ్గుపడవలసిన సంగతి ఇది. ఒక మాటకు ఏ కాలంలో ఏ అర్థమో చూడకుండా తాత్పర్యం చెప్పరాదని తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! పాత కావ్యంలో కంపు అంటే ఒట్టి వాసన. ఈనాటి అర్థంతో చదివితే కవి పువ్వును తిట్టాడనిపిస్తుంది. ప్లగ్గు దగ్గర సరిగ్గా అదే చేశాను.

ఉస్తాద్ మాత్రం సిగ్గుపడుతూ కూర్చోలేదు. మళ్ళీ చదవటం నేర్చుకున్నాడు, నాకూ నేర్పాడు. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటిది, షాపు ముందు నిలబెట్టి ఇంజను తిప్పి ప్లగ్గు విప్పితే అది చెప్పేది నిలబడ్డ ఇంజను సంగతే. కార్బురేటరులో ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క వేళ. యాక్సిలరేటరు మూసి ఉన్నప్పుడు పైలట్ జెట్టు, కొంచెం తెరిచినప్పుడు స్లయిడు కోత, పావు నుంచి ముప్పావు దాకా సూది, ఆ పైన మెయిన్ జెట్టు. ఏ భాగాన్ని చదవాలో ఆ వేగంలోనే నడిపి చూడాలి.

రెండవది, కొత్త ప్లగ్గు వేయాలి. పాత ప్లగ్గు మీద ఆరునెలల రాత ఒకదాని మీద ఒకటి పడి ఉంటుంది. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద ఒకటి రెండు కిలోమీటర్లు ఒకే పట్టున నడిపి, క్లచ్చు పట్టి, అదే క్షణంలో ఇంజను ఆపివేయాలి. మెల్లగా ఇంజనును తిరగనిస్తే తాజా రాత మీద మసి పడి చెరిగిపోతుంది. బండి దొర్లి ఆగిన తరువాత చేయి కాల్చుకోకుండా విప్పి చూడాలి. మేము మేడ్చల్ దాటి తూప్రాను వైపు తెల్లవారుజామున పోయేవాళ్ళం. ఇప్పుడు ఆ రోడ్డు మీద ఈ పని తగదు. పక్కనున్న ఔటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. కొనను చూడకూడదు. కొన చెప్పేది వేడి సంగతి. పింగాణీ లోపలికి పోయి ఇనుప గుల్లను కలిసే చోట, అడుగున, సన్నని మసి వలయం ఉంటుంది. సీసం లేని పెట్రోలులో మిశ్రమం సంగతి చెప్పేది ఆ వలయమే. సన్నగా, లేతగా ఉంటే మేలు. మందంగా నల్లగా పైకి పాకితే చిక్కన. అసలు లేకపోతే పలచన. భూతద్దంతో చూడాలి. ఉస్తాద్ గడియారాలు బాగుచేసేవాడి దగ్గర ఒక పాత అద్దం కొనుక్కొచ్చి, షెడ్డు గోడకు మేకుకు తగిలించుకున్నాడు.

యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 వంటి రెండు స్ట్రోకుల బండ్లలో పెట్రోలుతోపాటు నూనె కూడా మండుతుంది గనుక రంగు కొంచెం ముదురుగా రావటం సహజం. వాటిలో పలచనైతే ప్రమాదం ఎక్కువ. పిస్టను పట్టేస్తుంది.

ఇరవై ఏళ్ళు గడిచాయి. రంగారెడ్డి నుంచి విడిపోయి 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలో కలెక్టరు కార్యాలయం వచ్చింది. ద్రాక్షతోటలున్న చోట అపార్టుమెంట్లు లేచాయి. ఉస్తాద్ లేడు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్. 6 నిబంధనలతో కొత్త మోటారుసైకిళ్ళలో కార్బురేటరు దాదాపు కనుమరుగైంది. పొగలో మిగిలిన ప్రాణవాయువును కొలిచే సెన్సారు, కంప్యూటరు కలిసి మిశ్రమాన్ని క్షణక్షణం సరిచేస్తున్నాయి. ఆ సెన్సారును 1976లో మొదట కార్లలోకి తెచ్చినదీ బాష్ వారే. రాసే పలకను ఇచ్చినవారే చదివే కంటినీ ఇచ్చారు.

ఇక ఈ విద్యతో పని లేదనుకున్నాను. కిందటేడు నా పాత విద్యార్థి ఒకడు 1990లనాటి బుల్లెట్టు తీసుకుని ఇంటికి వచ్చాడు. వదిలితే సైలెన్సరులో టపటపమంటోంది, ఎక్కేటప్పుడు వెనకాడుతోంది, సైలెన్సరు గొట్టం మొదట్లో నీలిరంగు వచ్చింది. ప్లగ్గు చూశాను. తెల్లగా ఉంది. నా పాత దెబ్బ గుర్తొచ్చి, "ఇప్పటి పెట్రోలుకు ఇదే రంగయ్యా, ముట్టుకోకు" అని పంపించాను. వారానికి వాడు మళ్ళీ వచ్చాడు. సిలిండరు దగ్గర కాలు పెట్టలేనంత వేడి అన్నాడు. అప్పుడు భూతద్దం తీశాను. అడుగున వలయం లేనే లేదు.

మళ్ళీ పెట్రోలే మారింది. 2022లో మన పెట్రోలులో ఇథనాలు 10 శాతానికి చేరింది. 2023లో 20 శాతపు పెట్రోలు బంకుల్లోకి రావటం మొదలై 2025 నాటికి దేశమంతటా అదే మామూలైంది. ఇథనాలు తనలోనే ప్రాణవాయువును మోసుకొస్తుంది. దాని బరువుకు 9 రెట్ల గాలి చాలు. కాబట్టి 20 శాతం కలిసిన పెట్రోలుకు కావలసింది సుమారు 13.5 రెట్ల గాలి. పాత కార్బురేటరుకు ఈ సంగతి తెలియదు. శుద్ధ పెట్రోలుకు కొలిచి పెట్టిన జెట్టునుంచి ఎప్పటిలాగే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. సెన్సారున్న కొత్త బండి తనంత తాను సర్దుకుంటుంది. పాతదానికి ఎవరో ఒకరు చదివి పెట్టాలి.

ముందు కార్బురేటరుకూ ఇంజనుకూ నడుమ గాలి లీకు లేదని చూసుకున్నాం. ఇథనాలుకు పాత రబ్బరు తాళదు గనుక గొట్టాలు మార్పించాం. సూది క్లిప్పును ఒక గాడి కిందికి వేసి సూదిని లేపాం. అదీ చాలక మెయిన్ జెట్టు ఒక నంబరు పెంచాం. శామీర్‌పేట అవతల ఒక ఆదివారం పొద్దున్నే నడిపి, ఆపి, విప్పి చూస్తే అడుగున వెంట్రుకంత వలయం కనిపించింది. పైన పింగాణీ తెల్లగానే ఉంది. అది అలాగే ఉండాలి. బండి చల్లబడింది.

2000లో తెలుపును తప్పనుకుని ఇంజను పాడుచేసుకున్నాను. ఇప్పుడు తెలుపును ఒప్పనుకుని ఇంకొకరి ఇంజను పాడుచేయబోయాను. రంగు రెండుసార్లూ ఒకటే. ట్యాంకులో ఏం పోశారన్నది అడగకపోవటమే రెండుసార్లూ నేను చేసిన తప్పు. కాబట్టి మీ ఇంట్లో పాత కార్బురేటరు బండి ఉంటే, ప్లగ్గు తెల్లగా ఉందని ఎవరైనా వెంటనే జెట్టు మార్చబోయినా, తెలుపు మామూలేనని కొట్టిపారేసినా, వలయం చూపించమని అడగండి.

చివరగా ఒక కోరిక. ఉస్తాద్ సున్నం, బూడిద, బిస్కెట్టు, బొగ్గు అన్న ఈ రంగులను గుంటూరులో, కర్నూలులో, విశాఖలో మెకానిక్కులు ఏమని పిలిచేవారో నాకు తెలుసుకోవాలని ఉంది. ఏ నిఘంటువులోనూ దొరకని మాటలివి. ఆ పాత తరం ఇంకా కొందరు ఉన్నారు. మీకు తెలిసినవి, విన్నవి ఇక్కడ రాస్తే సంతోషిస్తాను. పోగుచేసి పెడదాం.